వేలు పడనివాళ్ళు

పిన్ని చాపిన నోట్లను మందుల కౌంటరులో ఉన్న అతను ముట్టుకోలేదు. అద్దానికున్న చిన్న కంతలోంచి ఆమె చెయ్యి మోచేతిదాకా లోపలికి వెళ్ళి ఉంది. ఆ చేతిలో నలిగిన నోట్లు, వాటి కింద డాక్టరు రాసిచ్చిన చీటీ. అతను చీటీ ఒక్కటే లాక్కుని చూశాడు. మందు ఉందన్నాడు. వెనక అరలోంచి తీసి ఎదురుగా పెట్టాడు కూడా. చిన్న గాజు సీసా. అద్దానికి అవతల అది, ఇవతల మేము.

ఫోను చూపించమన్నాడు. పిన్నికి ఫోను లేదు. పోనీ కార్డు పెట్టమన్నాడు. పెట్టింది. వేలు పెట్టమన్నాడు. పెట్టింది. యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది. వేలు తుడిచి పెట్టమన్నాడు. చీర చెంగుకి తుడుచుకుని పెట్టింది. మళ్ళీ ఎర్రదీపం. రెండో చేతి వేలు, చూపుడు వేలు, ఏది పెట్టినా అంతే. చివరికి బొటనవేలిని నోట్లో పెట్టుకుని తడిచేసి, యంత్రం మీద కాదు, పీక మీద నొక్కినట్టు నొక్కింది. దానికి ఆమె ఎవరో తెలియలేదు.

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. కళ్ళారా చూశాను కాబట్టే చెబుతున్నాను.

"డబ్బు చేతిలోనే ఉంది కదయ్యా. అవతల మనిషి ఊపిరందక కొట్టుకుంటున్నాడు" అంది పిన్ని.

"నోట్లు తీసుకుంటే నా ఉద్యోగం పోతుందమ్మా. వేసుకోడానికి ఇక్కడ గల్లాపెట్టె కూడా లేదు" అన్నాడు అతను. దుర్మార్గుడేం కాదు. మా వంక చూడలేక బల్ల వంక చూస్తూ అన్నాడు ఆ మాట.

యంత్రాన్ని కాసేపు మంచం దగ్గరికి తీసుకెళ్తే బాబాయి వేలు పెట్టిస్తామన్నాను నేను. ఎవరైనా ఎత్తుకుపోతారని దాన్ని గొలుసుతో బల్లకి కట్టేశారట. వరుసలో ఉన్న ఒకాయన ముందుకొచ్చి, తన ఫోనులోంచి కడతాననీ, ఆ నోట్లు తనకిమ్మనీ అన్నాడు. ప్రాణం లేచొచ్చింది మాకు. అదీ కుదరలేదు. రోగిదో, రోగి ఇంటివాళ్ళదో ఖాతా అయితేనే మందు ఇవ్వాలట. దళారులు మందులు కొని బయట అమ్ముకుంటున్నారని పెట్టిన నిబంధన అది. లెక్కల ఆఫీసరు సంతకం చేస్తే మాత్రం ఇవ్వచ్చన్నాడు కౌంటరతను. ఆ మందు బయటి కొట్లలో దొరకదు.

పిన్నీ నేనూ మెట్లెక్కి పరుగెత్తాం. ఆఫీసరు మీటింగులో ఉన్నాడని బంట్రోతు చెప్పాడు. తలుపు తట్టనివ్వలేదు. బల్ల చూపించి కూచోమన్నాడు. చేతి డబ్బు అవసరం లేని ఆసుపత్రిగా మా ఆసుపత్రికి ఏదో బహుమతి వస్తోందట. లోపల మాట్లాడుకుంటున్నది దాని గురించేనని తర్వాత తెలిసింది.

సంతకం దొరికేసరికి పని అయిపోయింది. వార్డు సిస్టరమ్మ మా బాధ చూడలేక పక్క వార్డును బతిమాలి అదే మందు తెచ్చిందట. మేము వెళ్ళేసరికి ఆ సీసా మూత తియ్యకుండా మంచం పక్కన ఉంది. బాబాయి మొహం మీద గొట్టం తీసేశారు. మందు వేళకి పడితే బతికేవాడా అని మీరు అడగచ్చు. నేనూ అడిగాను. చెప్పలేనన్నాడు డాక్టరు. ఆ చెప్పలేకపోవడమే పిన్నికి జన్మంతా మిగిలింది.

ఇప్పుడు మేమెవరమో చెప్పాలి.

ఆ ఆసుపత్రి బట్టలు ఉతికేది మేమే. వెనకవైపు, వంటశాలకీ శవాల గదికీ మధ్య రేకుల షెడ్డు మాది. రక్తం, చీము, వాంతి అంటిన దుప్పట్లు వార్డుల్లోంచి ట్రాలీల్లో దిగుతాయి. ముందు బ్లీచింగు తొట్టి, తర్వాత సోడా వేసిన వేడినీళ్ళ తొట్టి, తర్వాత జాడింపు. పెద్ద యంత్రాలు ఉండటానికి ఉన్నాయి. అవి ఎప్పుడూ పాడైపోయి మూలుగుతూ ఉంటాయి, అందుకని చేతులే పనిచేస్తాయి. చేతులకి తొడుగులిస్తానని కంట్రాక్టరు రాసిచ్చాడు. ఒకసారి ఇచ్చాడు. అవి చిరిగాక మళ్ళీ కనపడలేదు.

పిన్ని తొట్టి దగ్గర, నేను ఇస్త్రీ బల్ల దగ్గర, బాబాయి కిటికీ కింద కుట్టుమిషను దగ్గర. చిరిగిన దుప్పట్లకి మాసికలు వెయ్యడం, డాక్టర్ల కోట్లకి ఊడిన గుండీలు కుట్టడం ఆయన పని. నాకు వాళ్ళు చుట్టాలేం కారు. వాళ్ళకి పిల్లలు లేరు. షెడ్డులో చిన్నవాళ్ళందరికీ వాళ్ళే పిన్నీ బాబాయి. పనిలో చేరిన కొత్తలో ఇస్త్రీపెట్టె తగిలి నా చెయ్యి కాలితే, పిన్ని నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, తన ఇంటికి తీసుకెళ్ళి అన్నం కలిపి తినిపించింది. 

బాబాయి మిషనుతో మాట్లాడేవాడు. అది మొరాయిస్తే, "నువ్వూ మీ అక్కా ఒకటే, బతిమాలితే గానీ కదలరు" అనేవాడు పిన్నికి వినపడేలా. తొట్టి దగ్గర్నుంచి తడి గుడ్డ వచ్చి ఆయన వీపుకి తగిలేది. ఆ కాపురం అంతా మా అందరి ముందూ అలాగే సాగింది.

బ్యాంకు కార్డులు వచ్చిన రోజు మేము చప్పట్లు కొట్టాం. నిజం చెప్పాలి కదా. అంతకుముందు సూపర్‌వైజరు జీతాలు కవర్లలో పెట్టి ఇచ్చేవాడు. కవరు విప్పితే ఎప్పుడూ ఎంతో కొంత కోత. దానికో సాకు. అందుకని కంట్రాక్టరు వచ్చి, ఇకనుంచి మీ కష్టం మధ్యలో ఎవరి చెయ్యీ తగలకుండా మీ ఖాతాలో పడుతుంది, మీరూ గొప్పవాళ్ళ లాగే బ్యాంకు మనుషులు అన్నప్పుడు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బాబాయే. ఆ మాట నిజమైతే ఎంత బాగుండేదో.

ఖాతాలో పడింది. బయటికి రావాలంటే వేలు కావాలి. బ్లీచింగులో, సోడాలో ఏళ్ళ తరబడి నానిన చేతులకి వేలిగీతలు ఎక్కడుంటాయి? పిన్ని వేళ్ళు అద్దంలా నున్నగా మెరిసేవి. తొట్టి దగ్గర పనిచేసే ఆడవాళ్ళందరివీ అంతే. వేలు పడట్లేదు, వేలు పడట్లేదు అని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం వెనక్కొచ్చాం. నూనె రాశాం, వేడి గ్లాసు పట్టుకున్నాం, నేలకేసి రుద్దాం. బ్యాంకుకి వెళ్తే కంపెనీని అడగమన్నారు. కంపెనీని అడిగితే బ్యాంకుని అడగమన్నారు. అప్పుడు సూపర్‌వైజరు మళ్ళీ వచ్చాడు, పాపం అన్న మొహం పెట్టుకుని. వేలు పడనివాళ్ళ జీతం తన ఖాతాలో వేయించి, నోట్లుగా ఇస్తానన్నాడు. ఈసారి కోత ఇదివరకటికంటే ఎక్కువ. పైగా దానికో పేరు పెట్టాడు, సాయం చేసినందుకట. కౌంటరులో ఆ మనిషి ముట్టుకోని నోట్లు అలా వచ్చినవే.

చేతికి నోట్లు వచ్చినా అవి చెల్లేచోట్లు తగ్గిపోతూ వచ్చాయి. ఆసుపత్రి క్యాంటీను నోట్లు తీసుకోవడం మానేసింది. బస్సు మానేసింది. ఫోనులున్న కుర్రవాళ్ళకి హాయిగానే ఉంది. మొగుడి జేబులో తప్ప ఫోను చూడని ఆడవాళ్ళకి, చదువు రానివాళ్ళకి, కళ్ళు మసకబారిన ముసలివాళ్ళకి టీ తాగాలన్నా పక్కవాడి మొహం చూడాల్సి వచ్చింది. పిన్ని నోటు పట్టుకుని క్యాంటీను గుమ్మం దగ్గర నిలబడేది, తెలిసినవాళ్ళెవరైనా వచ్చి తన తరఫున కడతారేమోనని. ఒకసారి కొత్తగా చేరిన నర్సొకావిడ ఆమెని అడుక్కునే మనిషనుకుని జాలిపడింది. పిన్ని ఆరోజు టీ తాగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అక్కడ తాగలేదు. చేతిలో సొంత డబ్బు పెట్టుకుని బిచ్చగత్తె కావడం ఎలా ఉంటుందో మాకు నేర్పినవాళ్ళు, దానికి అభివృద్ధి అని పేరు పెట్టారు.

బాబాయిని సాగనంపి వచ్చాక పిన్ని ఎక్కువ రోజులు ఇంట్లో ఉండలేదు. ఒంటిగది ఇల్లు. ఏ మూల చూసినా ఆయనే. పనికొస్తే నయమనుకుంది. వచ్చింది. కిటికీ కింద మిషను మీద ఎవరో గుడ్డ కప్పారు. ఆమె అటు చూడకుండా తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఆ పూట వార్డులోంచి దిగిన ట్రాలీలో ఆ దుప్పటి ఉంది. మా ఆసుపత్రిలో బాబాయి కుట్టు పడని దుప్పటి అరుదు. కానీ తెల్లదారం అయిపోయి, అడిగితే సూపర్‌వైజరు రేపు మాపు అంటుంటే, ఆయన విసుగొచ్చి ఒక దుప్పటికి నీలం దారంతో మాసిక వేశాడు. ఇంట్లోంచి తెచ్చుకున్న దారం. చనిపోయిన రోజు ఆయన పడుకున్నది దాని మీదే. మేమిద్దరం మంచం పక్కన ఉన్నాం కాబట్టి మాకు తెలుసు.

పిన్ని దాన్ని బ్లీచింగు తొట్టిలో వెయ్యలేదు. విడిగా బకెట్లో నీళ్ళు పట్టింది. సబ్బు రాసి, పసిబిడ్డకి నీళ్ళు పోసినట్టు మెల్లగా ఉతికింది. ఆ నీలం కుట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. జాడించి, పిండకుండానే తీగ మీద ఆరేసింది. దాని నుంచి నీళ్ళు కారుతుంటే కిందే కూచుంది. అవి మీద పడుతున్నాయి. ఆమె ఏడవలేదు. మాకే ఆగలేదు.

సూపర్‌వైజరు వచ్చి, సంతాపం ఇంట్లో పెట్టుకోమన్నాడు. పై అంతస్తులో డబ్బు కట్టి ఉండే గదులున్నాయి, వాళ్ళకి దుప్పట్లు వెళ్ళాలి, లేచి పని చూడమన్నాడు.

పిన్ని లేచింది. తొట్టి దగ్గరికే వెళ్ళింది. అందరం పని మొదలుపెడుతుందనుకున్నాం.

"ఈ తొట్టిలో చెయ్యి పెట్టిపెట్టి నా వేలు పోయింది" అంది. గొంతు పెంచలేదు. "వేలు పోయిందని మందివ్వలేదు. మందివ్వలేదు, ఆయన పోయాడు. ఇంక ఇందులో నేను చెయ్యి పెట్టను."

సూపర్‌వైజరు ఏదో అనబోయాడు. అంతలో పిన్ని పక్కనున్న ఆవిడ నీళ్ళలోంచి చేతులు తీసి చీరకి తుడుచుకుంది. ఆమె పక్కనున్న ఆవిడా తీసింది. తొట్టి చుట్టూ వరసగా ఆ చప్పుడు నాకింకా వినపడుతూనే ఉంటుంది, నీళ్ళలోంచి చేతులు బయటికొచ్చే చప్పుడు. నేను ఇస్త్రీపెట్టె తీగ లాగేశాను. బాయిలరు దగ్గరుండే అన్న తలుపులోంచి తొంగి చూసి, ఆవిరి తగ్గించాడు. షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం మేమెవరం ఎప్పుడూ వినలేదు.

బట్టలారేసే దొడ్డిలో, తడి దుప్పట్ల మధ్య మా మీటింగు జరిగింది. మీటింగంటే అందరూ ఒకేసారి మాట్లాడటం. మాకు అంతకుముందు అలవాటు లేదు కదా.

బాయిలరన్న పూర్తిగా ఆపేద్దామన్నాడు. బాయిలరు చల్లారిపోతే ఆపరేషన్లు ఆగిపోతాయి, అప్పుడు దిగొస్తారు, లేకపోతే మనల్ని ఎవడు లెక్కచేస్తాడన్నాడు. చాలామంది తలలూపారు. నాతోపాటు ఇస్త్రీ చేసే చెల్లెలు ఒకత్తి ఉంది. చంటిబిడ్డ తల్లి. ఆమె లేచింది.

"నాకు కానుపైంది ఇక్కడే అన్నా. ఉతకని దుప్పటి మీద ఇంకో ఆడదాన్ని పడుకోబెట్టమంటావా?"

"మరి మన సంగతి?"

"మన సంగతి కోసం మనలాంటిదాన్ని చంపుకుంటామా?"

అన్న మొహం ఎర్రబడింది. కాసేపు వాళ్ళిద్దరికీ మాటా మాటా పెరిగింది. నీకు పోరాటం తెలియదన్నాడు ఆయన. నీకు కానుపు తెలియదంది ఆమె. అంత దుఃఖంలోనూ ఎవరో నవ్వారు. నవ్వాక వేడి తగ్గింది.

ఇంకో చిక్కు కుర్రవాళ్ళ దగ్గర వచ్చింది. ట్రాలీలు తోసేవాళ్ళలో ఒకడు, మాకు జీతం బాగానే పడుతోంది, మా ఫోనులు బాగానే పనిచేస్తున్నాయి, మేమెందుకు ఆపాలని అడిగాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు, తేల్చుకుందామనే అడిగాడు. పిన్ని వాడి చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి అందరికీ చూపించింది.

"నీ వేలికింకా గీతలున్నాయి నాయనా. నీకూ నాకూ అదొక్కటే తేడా" అంది. "నిన్ను రేపు తొట్టి దగ్గర వేస్తారు. వెయ్యకపోతే ముసలితనం ఉండనే ఉంది. ఎవడి వేలైనా ఏదో ఒక రోజు పడదు."

వాడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కళ్ళద్దాల అమ్మాయి ఒకతె దొడ్డి గోడ పక్కన నిలబడి వింటోంది. డాక్టరు చదువు చదువుతోంది. బాబాయి పోయినప్పుడు వార్డులో ఉంది. లోపలికి రావచ్చా అని అడిగి వచ్చింది. ఏ వార్డుకి దుప్పట్లు ఆగకూడదో, దేనికి ఆగినా ప్రాణం మీదికి రాదో తను చెబుతానంది. ట్రాలీలు ఆపేస్తే తనూ స్నేహితులూ భుజాన వేసుకుని వార్డులకి మోస్తామంది. అలా తేలింది మా దారి. ఆపరేషన్ గదికి, కానుపుల వార్డుకి, పేదల వార్డులకి ఉతుకుతాం. డబ్బు కట్టి ఉండే గదులకీ, ఆఫీసర్ల కుర్చీ గుడ్డలకీ, కిటికీ తెరలకీ చెయ్యి తడపం. మందుల కౌంటరులో నోట్లు తీసుకోవాలి. జీతం చేతికి కావాలన్నవాళ్ళకి చేతికివ్వాలి, కోత లేకుండా. అంతకుమించి మేమేం అడగలేదు. ఫోనులు వద్దనీ, యంత్రాలు పగలగొట్టాలనీ ఎవరం అనలేదు. మమ్మల్ని బయట వదిలేసి తలుపెయ్యద్దన్నాం, అంతే.

పైగదుల్లో దుప్పట్లు మాసిన రోజున కంట్రాక్టరు కారు దిగాడు. షెడ్డులోకి ఆయన రావడం కార్డులిచ్చిన నాటి తర్వాత అదే. మీ అందరినీ బ్యాంకులోకి తెచ్చింది నేను, నాకు మీరిచ్చే బహుమానం ఇదా అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నట్టున్నాడు.

"లోపలికి తెచ్చారు బాబూ, కాదనను" అంది పిన్ని. "తెచ్చి తాళం వేశారు. తాళంచెవి మా వేలన్నారు. ఆ వేలు మీ తొట్టే తినేసింది. మరి మేము లోపలున్నట్టా, బయటున్నట్టా?"

ఆయన వేరే ఊరి లాండ్రీకి దుప్పట్లు మోసుకెళ్ళే లారీ తెప్పిస్తానని చెప్పి వెళ్ళాడు. సూపర్‌వైజరు మా ఇళ్ళకి తిరగడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, నీ జీతం కోత లేకుండా నేను చూస్తాను, ఆ ముసలిదాని వెనక తిరిగి చెడిపోకు అన్నాడు. ఇద్దరు లొంగారు. వాళ్ళని మేము తిట్టలేదు. తిట్టద్దని పిన్ని చెప్పింది, వాళ్ళింట్లో పొయ్యి సంగతి నీకు తెలుసా అని. వాళ్ళు ఆ వారంలోనే తిరిగొచ్చారు.

లారీ వస్తుందనగానే మేము గేటు దగ్గర కూచున్నాం. వచ్చింది. చూసింది, తిరిగి వెళ్ళిపోయింది. మర్నాడు పోలీసులు గేటు దగ్గర నిలబడ్డారు.

ఆ రోజునే కౌంటరు దగ్గర అది జరిగింది. ఒకావిడ జ్వరంతో కాలిపోతున్న బిడ్డని భుజాన వేసుకుని మందుకొచ్చింది. ఎక్కడో పొలాల్లో పనిచేసే మనిషి. నోటు చాపింది. కౌంటరతను తల అడ్డంగా ఊపాడు. ఈసారి ఆమె వెనక నిలబడి ఉన్నది పిన్ని.

పిన్ని అరవలేదు. వరుసలో ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. వాళ్ళలో చాలామంది చేతుల్లో ఫోనులున్నాయి. కాసేపట్లో మందు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళే. "నా మొగుడికి మందు ఇక్కడే ఆపారు. అప్పుడూ వెనక వరుస ఉంది. పాపం అన్నారు, తలొంచుకున్నారు. తప్పు పట్టట్లేదు. ఈ బిడ్డకి మాత్రం తలొంచుకోకండి" అంది. 

వరుసలో ముందున్న పెద్దాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. మోకాళ్ళ నొప్పులు కాబోలు, గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూచున్నాడు. ఆ బిడ్డకి ఇచ్చేదాకా నాకూ వద్దన్నాడు. వెనకాయన కూచున్నాడు. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు. అలా వరుస వరుసంతా కింద కూచుంది. కట్టగలిగినవాళ్ళు, వేలు పడేవాళ్ళు, ఫోనులున్నవాళ్ళు. గుమ్మం బయటిదాకా. వార్డుల్లోంచి రోగుల చుట్టాలు వచ్చి చూసి వాళ్ళూ కూచున్నారు. కౌంటరతను లోపల్నుంచి తలుపు తీసుకుని బయటికొచ్చాడు. మందు సీసా తెచ్చి ఆ తల్లి చేతిలో పెట్టి, నోటు తీసుకుని తన చొక్కా జేబులో వేసుకున్నాడు. ఉద్యోగం పోతే పోయిందన్నాడు. పోయింది కూడా.

మధ్యాహ్నం పోలీసులు లోపలికొచ్చారు. రోగులకి దుప్పట్లు ఆపి ప్రాణాలకి ముప్పు తెచ్చారని కేసు. కళ్ళద్దాల అమ్మాయి అడ్డం వచ్చి, ఏ పేద వార్డుకీ ఒక్క దుప్పటి ఆగలేదు, మోసింది మేమే అని చెప్పింది. ఆమె మాట ఎవరూ రాసుకోలేదు. పిన్నినీ, బాయిలరన్ననీ వ్యాను ఎక్కించారు. కింద కూచున్నవాళ్ళని ఈడ్చారు. మోకాళ్ళ నొప్పుల పెద్దాయన్ని కూడా ఈడ్చారు. 

ఆ వారం చివర కౌంటరు పక్కన ఇంకో కిటికీ తెరిచారు. దాని మీద ఏ పేరూ రాయలేదు. ఎందుకు తెరిచారో ఎవరూ చెప్పలేదు. అక్కడ నోట్లు తీసుకుంటున్నారు. మొదటి రోజు అక్కడ నిలబడ్డవాళ్ళ మొహాలు చూడటానికి మేము పని మధ్యలో వెళ్ళొచ్చాం. ఒక ముసలమ్మ కొంగు ముడి విప్పి నోటిచ్చి, మందు తీసుకుని, అదేదో మామూలు విషయమైనట్టు వెళ్ళిపోయింది. నాకు దుఃఖం ఆగలేదు. ఈ కిటికీ అంతకుముందే ఉంటే ఇంత కథ ఉండేది కాదు. బాబాయి ఇప్పుడు మిషనుతో పోట్లాడుతూ ఉండేవాడు.

జీతాల సంగతి మాత్రం తేల్చలేదు. పైగా ఆ తర్వాత గేటు దగ్గర కూచున్నవాళ్ళ పేర్లు కంట్రాక్టరు పనిలోంచి కొట్టేశాడు. నా పేరు కూడా.

జైల్లో పిన్నిని చూడటానికి వెళ్ళాను. ఇనుప జాలీకి అవతల ఆమె సగం అయిపోయింది. కిటికీ తెరిచారని చెప్పాను. తలూపింది. జామీను కోసం ఎవరెవరు తిరుగుతున్నారో నేను చెబుతుంటే వినట్లేదు.

"ఇంటి తాళం నీ దగ్గరుందిగా" అంది చివరికి. "తీగ మీద ఆయన చొక్కాలు రెండున్నాయి. విడిచినవి. దుమ్ము పట్టాయని నువ్వు ఉతికేస్తావేమోనని నాకు భయంగా ఉంది. ఉతక్కు. అలాగే మడిచి పెట్టు."

ఊళ్ళోవాళ్ళ మురికంతా జన్మంతా ఉతికిన మనిషి అడిగింది అది. ఆ చొక్కాల్లో ఆయన చెమట వాసన ఉంది, లోకంలో ఇంకెక్కడా లేదు. ఉతకనన్నాను. జాలీ కంతలోంచి వేలు పెట్టింది. నేను పట్టుకున్నాను. నున్నగా, చల్లగా ఉంది.

"నా కోసం తిరగడం మానండి" అంది. "కోర్టు దానంతటది చూసుకుంటుంది. కిటికీ ఇచ్చారని లేచిపోతే రేపు అదీ మూసేస్తారు. జీతం చేతికొచ్చేదాకా గేటు వదలద్దు. ఆ చంటిబిడ్డ తల్లిని మాత్రం నీడలో కూచోబెట్టండి."

వేళయిందని కానిస్టేబులావిడ వచ్చి తీసుకెళ్ళింది. పిన్ని వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే నేను ఏడుస్తానని తెలుసు.

నేను సరాసరి గేటుకే వచ్చాను. అక్కడ మావాళ్ళతో పాటు వంటశాలవాళ్ళు కూచుని ఉన్నారు. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు పక్కన పెట్టుకుని కూచున్నారు. ఉద్యోగం పోయిన కౌంటరతను తన పెళ్ళాన్ని వెంటబెట్టుకొచ్చాడు. పిన్ని చెప్పింది చెప్పాను, చొక్కాల మాట తప్ప. అది మా ఇద్దరిదే అనుకున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నానంటే, మీరూ మావాళ్ళే అని.

కాసేపటికి లారీ వచ్చింది. ముందూ వెనకా పోలీసు బండ్లు. డ్రైవరు కొత్తవాడు, ముందు వచ్చినతను కాదు. అధికారి దిగి, లేవండి, తొక్కించేస్తాం అన్నాడు. మాకందరికీ భయం వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. చంటిబిడ్డ తల్లి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను పక్కావిడ మోచెయ్యి పట్టుకున్నాను. ఎవరూ లేవలేదు. పోనియ్యి అని అధికారి డ్రైవరుకి చేత్తో సైగ చేశాడు. లారీ మెల్లగా ముందుకొచ్చింది. ఇంజను వేడి మొహానికి కొట్టేంత దగ్గరికి వచ్చింది.

అక్కడ ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. తాళంచెవి తీసి, తలుపు తెరుచుకుని కిందికి దూకాడు. ఏమైందని అధికారి అరుస్తుంటే వినిపించుకోకుండా మా దగ్గరికి నడిచొచ్చాడు.

"మా అమ్మది కూడా వేలు పడదు" అన్నాడు. "జరగండమ్మా, కాస్త చోటివ్వండి."

మేము జరిగాం.